లైట్‌హౌస్ దీపం ఆరదు, తిరుగుతుంది

అందరికీ నమస్కారం. మన విజయవాడకి కృష్ణమ్మ ఉంది కానీ సముద్రం లేదు. లైట్‌హౌస్ చూడాలంటే బందరు వైపు వెళ్లాల్సిందే. అయినా మా అబ్బాయి స్కూల్ ఎగ్జిబిషన్‌కి లైట్‌హౌసే చేయాలన్నాడు. పీవీసీ పైపుతో స్తంభం, పైన ప్లాస్టిక్ డబ్బా ఒక్క పూటలో అయిపోయాయి. దీపానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

మొదట 555 టైమర్ ఐసీతో సెకనుకోసారి ఎల్ఈడీ వెలిగి ఆరేలా చేశాను. మా అమ్మ చూసి, "ఇది ఆటో ఇండికేటరులా ఉంది నాన్నా, దీపంలా లేదు" అంది. ఆ మాట దగ్గరే నా పని మొదలైంది.

పాతకాలపు పెద్ద లైట్‌హౌస్‌లలో దీపం వెలుగుతూనే ఉంటుంది, చుట్టూ ఉన్న లెన్సు తిరుగుతుంది. గాజు పట్టకాలను మెట్లుమెట్లుగా పేర్చి, చెదిరిపోయే వెలుతురును ఒక పుంజంగా మార్చే లెన్సు అది. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని మొదట పెట్టాడు. పుంజం ఓడవైపు తిరుగుతుంటే ముందు మసక వెలుగు, ఆ తర్వాత ఒక్క మెరుపు, మళ్లీ మసక, ఆపైన చీకటి. మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో వాచీ పెట్టి చూస్తే, అది ఏ తీరపు దీపమో నావికుడు పోల్చుకోగలడు. మన నమూనాలో రావలసింది ఈ వరసే.

నాలుగు ఎల్ఈడీలను వీపులు ఆనించి నాలుగు దిక్కులకు పెట్టాను. ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, వెలుగును పెంచి తగ్గించగల 5, 6, 9, 10 పిన్నులకు, ఒక్కోదానికి 150 ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపాను. 5 వోల్టుల్లో ఎల్ఈడీ సుమారు 3 తీసుకుంటుంది, మిగతా 2 రెసిస్టర్ మీద పడతాయి. కరెంటు 13 మిల్లీయాంపులు, పిన్ను హాయిగా మోస్తుంది. కొట్లో 'వార్మ్ వైట్' అని అడిగి తీసుకోండి. నీలం కొట్టే తెలుపు పెడితే దీపం కళ రాదు.

ఎల్ఈడీ మూతి గుండ్రంగా ఉండడంతో వెలుతురంతా ఎదురుగానే పోతుంది, పక్కనున్నవాళ్లకి చిన్న చుక్కే కనిపిస్తుంది. ఆ మూతిని ఉప్పుకాగితం మీద రుద్దాను, పల్చటి మజ్జిగ రంగు వచ్చేదాకా. వెలుతురు చుట్టూ పరుచుకుంది.

ఇక అసలు చిక్కు మన కన్ను. ఆర్డుయినోలో వెలుగుకి 0 అంటే చీకటి, 255 అంటే పూర్తి వెలుగు. 0 నుంచి 255 దాకా సమానంగా పెంచుకుంటూ పోతే, మొదట్లోనే గబుక్కున వెలిగిపోయి, ఆ తర్వాత ఏమీ మారనట్టు ఉంటుంది. మసకలో చిన్న తేడా కూడా కన్ను పసిగడుతుంది, బాగా వెలుగున్నచోట పట్టించుకోదు. కంటికి సగం అనిపించాలంటే ఇవ్వాల్సింది 128 కాదు, 55 దగ్గర. అందుకే పుంజం తిరుగుతోందనుకుని, దానికీ ఎల్ఈడీ దిక్కుకీ మధ్య ఉన్న కోణానికి కొసైన్ తీసి, మైనస్ వస్తే సున్నా చేసి, ఆరో ఘాతానికి పెంచాను. పక్కపక్క ఎల్ఈడీల మధ్య 90 డిగ్రీల తేడా. చాలాసేపు చీకటి, నెమ్మదిగా మసక, నడుమ చటుక్కున మెరుపు. ఈ ఒక్క లెక్కతో నాకు ప్రాణం లేచి వచ్చింది.

చుట్టుకి 8 సెకన్లు పెట్టాను. హాల్లో లైట్లు ఆపండమ్మా, ఒక్క నిమిషం. ముందు ఎడమ వరసవాళ్లకి మెరుస్తుంది, రెండు సెకన్లకి మధ్యవాళ్లకి, మరో రెండింటికి కుడివైపు వాళ్లకి. మీ వంతు వచ్చినప్పుడు చేతులెత్తండి.