తొందరగా ముగించిన పిల్లలకు ఏమిద్దాం?

(నల్లగొండ జిల్లా గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

చదువులో వెనకబడిన పిల్లల గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవలసిందే. ఈ రోజు మాత్రం, మనం బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసి, మిగతా పీరియడంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పిల్లల గురించి చెప్పదలచుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పొరపాటు చేశాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు అభ్యాసంలోని పది లెక్కలూ అందరికంటే ముందు చేసి తెచ్చేవాడు. నేను మెచ్చుకుని అలాంటివే మరో పది ఇచ్చేవాణ్ణి. దసరా సెలవుల తరువాత అతని వేగం తగ్గింది. ఒకనాడు వెనకనుంచి వెళ్లి చూస్తే, లెక్కలన్నీ ఎప్పుడో అయిపోయి ఉన్నాయి, నోటుబుక్కును మోచేతితో కప్పి కూర్చున్నాడు. తొందరగా చేస్తే దక్కేది అదనపు చాకిరీయేనని అతనికి నేర్పింది నేనే.

ఇప్పుడు అభ్యాసం చివరనున్న కఠినమైన అయిదు లెక్కలను ముందే చేసే వీలు తరగతి మొత్తానికీ ఇస్తున్నాను. వాటిలో నాలుగు సరిగా చేసి, చేసిన తీరు వివరించగలిగిన వారు మిగతావి చేయనక్కరలేదు. మార్కుల జాబితాలో ఎన్నడూ పైకి రాని ఒకరిద్దరు ఇలాగే బయటపడ్డారు. అలా మిగిలిన సమయంలో ఆ పిల్లలను గ్రూపు లీడర్లను చేసి పక్కవారికి పాఠం చెప్పమనడం మనకు సులువేగాని, వారికి కొత్తగా వచ్చేది తక్కువ.

వారికి కావలసింది ప్రశ్న. వానాకాలంలో పత్రికల జిల్లా పేజీల్లో నాగార్జునసాగర్ జలాశయంలోకి వచ్చే నీరు (ఇన్‌ఫ్లో) క్యూసెక్కుల్లో, నిల్వ టీఎంసీల్లో వస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు గనుక, ఒక్క రోజులో ఒక టీఎంసీ చేరాలంటే సుమారు 11,574 క్యూసెక్కులు రావాలి. ఇంతవరకూ ఇది మామూలు భాగహారమే. అయితే ఒక అమ్మాయి వారం రోజుల అంకెలు రాసుకుని, పెరిగిన నిల్వ తన లెక్కతో ఎందుకు కలవడం లేదని అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు, ఆ మాటే చెప్పాను. పత్రికలో ఉన్నది ఏదో ఒక వేళ కొలిచిన ప్రవాహమేనని, రోజంతా అదే ఉండదని, తేడాకు అదొక కారణమని మూడో రోజు ఆమే పట్టుకుంది.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతన) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి; పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు, పిల్లలచేత తప్పక రాయించండి. కాకపోతే ఏడాదంతా పాత ప్రశ్నపత్రాలే తిప్పించవద్దు. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం ఒలింపియాడ్ (గణిత, విజ్ఞానశాస్త్ర ప్రతిభా పోటీల) ప్రశ్నలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. వారానికి ఒక్కటి చాలు, దానిమీద ఎన్ని రోజులైనా ఆలోచించనివ్వండి.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు ఒక మనవి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఎంత పటిక వేయాలన్నది ఫ్లోరైడుతో పాటు నీటి క్షారతను బట్టి కూడా ఎందుకు మారుతుందో మీ తరగతిలో అడిగి చూడండి. పిల్లలు ఏమన్నారో వచ్చే సమావేశంలో విందాం.