తాబేలుకు పెట్టిన ముద్ద

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవడం మర్యాద. సమయం తక్కువ, మన్నించండి. రేపు నాగుల పంచమి కనుక పాముల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

పాము పాలు తాగే జీవి కాదు. పండుగ ముందు దాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా బుట్టలో ఉంచుతారు. దప్పికతో ఉన్న ప్రాణి ఏ గిన్నెకైనా మూతి ఆనిస్తుంది. ఆ పాలు దానికి అరగవు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పాముకు ఎలుక కావాలి. బొచ్చు, ఎముకలు, కాలేయం అన్నీ కలిపి మింగుతుంది. ఎముకల్లో కాల్షియం, కాలేయంలో విటమిన్ ఎ. ఎలుక మొత్తం వెళ్తుంది కనుకే దానికి వేరే మందు అక్కర్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

నేను చెప్పదలచుకున్నది నిజానికి తాబేలు గురించి. నేను పశువైద్యుడిని. సికింద్రాబాద్‌లో నా దగ్గరకు తొమ్మిదేళ్ల పాప ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చింది. అందులో చెవుల దగ్గర ఎర్రచార ఉన్న తాబేలు. అది అమెరికా జాతి, ఇక్కడి అక్వేరియం దుకాణాల్లో అమ్ముతారు. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. డిప్ప మీద బొటనవేలు ఆనిస్తే తడిసిన అట్టలా లోపలికి దిగింది. నా వేలికి ఆ మెత్తదనం ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

ఏం పెడుతున్నావమ్మా అని అడిగాను. స్టీలు డబ్బా తెరిచి చూపించింది. ఎముకలు ఏరేసి, గోరంత ముక్కలుగా తుంచిన ఉడికించిన చికెన్. గొంతులో అడ్డుపడుతుందని వాళ్ల అమ్మ రోజూ కూర్చుని ఏరేదట.

ఎముక తీసిన మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. తాబేలు తిండిలో ఫాస్ఫరస్ ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర, రెండు పాళ్లు ఉండాలి. లేకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే, తన డిప్పలోంచే కాల్షియం తీసుకుంటుంది. పైగా ఆ టబ్బు కిటికీ అద్దం వెనక ఉండేది. కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది తయారవడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది. కళ్ల వాపు విటమిన్ ఎ లేక వచ్చింది. కొన్న రోజున వీటిలో ఒక్క ముక్కైనా దుకాణంలో ఎవరూ ఆ ఇంటివాళ్లకు చెప్పలేదు. నా కోపం అక్కడే!

ఎనిమిది రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాను. దక్కలేదు. "డాక్టర్ తాతయ్యా, నేను తక్కువ పెట్టానా?" అని అడిగింది. తక్కువ కాదు తల్లీ అన్నాను. అంతకు మించి మాట రాలేదు.

నక్షత్ర తాబేలుకు అదృష్టం కోసం పెరుగన్నం పెట్టే ఇళ్లూ చూశాను. అది గడ్డి మేసే జీవి. పైగా దాన్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

రాసుకొచ్చిన కాగితంలో ఇంకా చాలా ఉంది, పక్కన పెడుతున్నాను. మీలో ఎవరింట్లో ఎర్రచార తాబేలు ఉంది? మొహమాటం వద్దు, చెయ్యి ఎత్తండి. ఆ వెనక వరుసలో అమ్మా, మీరు. ఈ రోజు పొద్దున దానికి ఏం పెట్టారు?