అతుకు ఎవరిది?

విద్యార్థి మిత్రులారా,

బృందంగా పనిచేయడం గురించి, చెప్పదలచుకున్నది స్పష్టంగా చెప్పడం గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఈ మాట వినగానే చాలామందికి వేదికపై తడబడకుండా మాట్లాడటమే గుర్తుకొస్తుంది. అదీ మంచి విద్యే. కానీ ఇంజనీరుకు అంతకంటే ముందు కావలసింది మరొకటి ఉంది. దాన్ని ఒక ఉక్కు కడ్డీ కథతో చెబుతాను.

అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్. దాని విశాలమైన హాలులో, పైకప్పు నుంచి కడ్డీలతో వేలాడదీసిన నడక వంతెనలు ఉండేవి. నాలుగో అంతస్తు వంతెనకు సరిగ్గా కింద రెండో అంతస్తు వంతెన. మొదటి నక్షాలో పైనుంచి దిగే పొడవైన కడ్డీలే రెండింటినీ మోయాలి. అంత పొడవునా మర చెక్కి నట్టు ఎక్కించడం కష్టం కాబట్టి, తయారీలో ఒక్కో కడ్డీని రెండుగా మార్చారు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, అక్కడి నుంచి రెండో అంతస్తుకు ఇంకొకటి.

ఇద్దరు ఒకే తాడును పట్టుకుని వేలాడుతున్నారనుకోండి. ఎవరి చేతుల మీద వారి బరువే పడుతుంది. కిందివాడు తాడు వదిలేసి పైవాడి కాళ్లు పట్టుకుంటే? తాడు మోసే బరువు మారదు, పైవాడి చేతులు మోసేది రెట్టింపవుతుంది. నాలుగో అంతస్తు దూలం కింది నట్ల దగ్గర జరిగింది ఇదే. 1981 జులై 17 సాయంత్రం రెండు వంతెనలూ కింద ఉన్న జనం మీద కూలాయి. 114 మంది చనిపోయారు.

మొదటి నక్షా కూడా భవన నిర్మాణ నియమావళి కోరినంత బలంగా లేదని దర్యాప్తులో తేలింది. మార్పు ఆ లోపాన్ని ఇంకా పెంచింది. నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం వేరే. ఫోనులో అడిగి అనుమతి తీసుకున్నామని తయారీదారులు అన్నారు. అలాంటి ఫోను రాలేదని డిజైన్ ఇంజనీర్లు అన్నారు. కడ్డీ, దూలం కలిసే ఆ అతుకు ఎంత బరువు మోయగలదన్న లెక్క అవతలివారి పనేనని ఇరుపక్షాలూ అనుకున్నాయి. మీలో ఎవరైనా పది నిమిషాల్లో చేయగల లెక్క అది.

1999లో అంగారకుడి చుట్టూ తిరగాల్సిన ఆర్బిటర్ అనే వ్యోమనౌకను నాసా పోగొట్టుకుందీ ఇలాగే. ఒక బృందం ప్రచోదనాన్ని, అంటే తోపు బలాన్ని అది పనిచేసిన సమయంతో హెచ్చించిన విలువను, పౌండు-సెకన్లలో ఇచ్చింది, మరో బృందం న్యూటన్-సెకన్లనుకుని వాడింది. తేడా 4.45 రెట్లు. దారి లెక్కలు కుదరడం లేదని కొందరికి ముందే అనుమానం వచ్చినా, దాన్ని తేల్చవలసిన వారి దాకా ఆ మాట గట్టిగా చేరలేదు.

మీ ప్రాజెక్టులో ఒకరు సర్క్యూటు, ఒకరు ప్రోగ్రామ్, ఒకరు చట్రం పంచుకుంటారు. ఎవరి భాగం వారి బల్ల మీద చక్కగా పనిచేస్తుంది. చివరి వారం కలిపినప్పుడే ఇబ్బంది బయటపడుతుంది, ఎందుకంటే పని పంచుకున్నప్పుడు అతుకులు ఎవరి వాటాకూ రాలేదు.

"ఏదో తేడాగా ఉంది" అని గొణిగి ఊరుకోకండి. "ఈ నట్టు మీద ఎంత బరువు పడుతుంది? ఎవరు లెక్క చూశారు?" అని అడగండి. అడిగితే తెలియనివారని అనుకుంటారేమోనన్న సంకోచం నాకూ తెలుసు. అయినా అడగండి. ఫోనులో ఒప్పుకున్నదాన్ని రెండు వాక్యాల్లో రాసి అదే రోజు పంపండి.

ఈ వారం మీ బృందం కూర్చున్నప్పుడు ఒక కాగితం మీద భాగాలు కాదు, భాగాలు కలిసే చోట్లు రాయండి. ఒక్కోదాని పక్కన ఒక్కరి పేరు పెట్టండి. ఏ చోటికి పేరు దొరకలేదో, అక్కడి నుంచే పని మొదలుపెట్టండి.