మూడు నెలల మాత్రలు మొదలుపెట్టే ముందు

శ్రోతలకు నమస్కారం. పిల్లలు కలగడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లిన మగవాళ్లలో చాలామందికి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులను అదుపుచేసే మాత్రలు రాస్తారు. కో-ఎంజైమ్ క్యూ10, ఎల్-కార్నిటిన్, లైకోపీన్, జింక్, విటమిన్ ఇ, ఇలా ఒకే మాత్రలో చాలా ఉంటాయి. ధరా తక్కువేం కాదు. మూడు నెలలు వాడితే వీర్యకణాల కౌంట్ పెరుగుతుందని భార్యాభర్తలిద్దరూ ఆశగా ఎదురుచూస్తారు.

ఈ మాత్రల వెనకున్న ఆలోచన సబబైనదే. వీర్యకణం చుట్టూ ఉండే పొరలో సున్నితమైన కొవ్వులు ఎక్కువ. పొగాకు, ఇన్ఫెక్షన్, వేడి వంటి వాటివల్ల చురుకైన ఆక్సిజన్ అణువులు మోతాదు మించితే ఆ పొర దెబ్బతింటుంది, కణం ఈదలేదు, లోపలి డీఎన్ఏ కూడా తెగుతుంది. తెగినదాన్ని బాగుచేసుకునే శక్తి వీర్యకణానికి దాదాపు లేదు. కణం తయారై బయటికి రావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టే మూడు నెలల కోర్సు అంటారు. అయితే అండంలోకి చొరబడే సత్తా రావాలంటే అవే ఆక్సిజన్ అణువులు కొద్దిగా ఉండితీరాలి. అందుకే ఎన్ని ఎక్కువ మింగితే అంత మంచిదనుకోకూడదు.

మరి పరీక్షించి చూస్తే ఏం తేలింది? అమెరికాలో 2,370 జంటలపై జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. కొందరు మగవాళ్లకు ఆరు నెలలు ఫోలిక్ యాసిడ్, జింక్ ఇచ్చారు, మిగతావారికి మందులేని మాత్రలు ఇచ్చారు. బిడ్డ పుట్టినవారు మొదటి గుంపులో 34 శాతం, రెండో గుంపులో 35 శాతం. పైగా మందు వాడినవారిలో డీఎన్ఏ తెగడం కాస్త ఎక్కువే కనిపించింది, కడుపులో ఇబ్బందులూ వచ్చాయి. ఏడెనిమిది రకాలు కలిపి ఇచ్చిన మరో అమెరికా అధ్యయనంలోనూ కౌంట్ గానీ కదలిక గానీ మెరుగుపడలేదు. చిన్న అధ్యయనాలు కొన్ని మేలు చూపినా, వాటి నాణ్యత బలహీనమని నిపుణులు తేల్చారు.

నన్ను బాధపెట్టేది మాత్రల ఖర్చు కన్నా, వాటికోసం జారిపోయే నెలలు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు కూడా విలువైన కాలమే. ఆమెకు స్కానింగులు, రక్తపరీక్షలు వరసగా చేయిస్తారు, ఆయన్ని మాత్రం ఒక్కసారైనా ఒంటిమీద చేయిపెట్టి చూడకుండా చీటీ రాసి పంపేస్తారు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి సమస్యకూ పాత్ర ఉంటుంది. వాళ్లను పరీక్షించకుండా వదిలేయడం ఆ భార్యకు కూడా అన్యాయమే.

వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ చేత్తో పరీక్షించినా తెలుస్తుంది. కొందరికి ఆపరేషన్‌తో మేలు జరుగుతుంది. వీర్యపరీక్ష రిపోర్టు బాగోలేదని ఒక్కసారికే టెన్షన్ పడొద్దు. కొన్ని వారాల తర్వాత, పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఎడం పాటించి, మళ్లీ చేయించండి. సిగరెట్, గుట్కా మానడానికి ఏ ఫలితం కోసమూ ఆగక్కర్లేదు.

జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడేవారు ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకండి. వాటివల్ల వీర్యకణాల తయారీ పూర్తిగా ఆగిపోవచ్చు. మానేశాక అది మళ్లీ మొదలవడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. నమస్కారం.