మూడు సెకన్ల మౌనానికి ఎన్ని బొమ్మలు?

అందరికీ నమస్కారం. బయట పోస్టర్ మీద ‘యానిమేషన్ సినిమాల్లో చెప్పని ప్రేమ’ అని వేశారు. మెట్ల దగ్గర ఒక కుర్రాడు దాన్ని చదివి, "చెప్పని దాని గురించి గంటసేపు ఏం చెబుతారు సార్?" అన్నాడు. గంట కాదులే బాబూ, పది నిమిషాలు. కూర్చో.

ఇరవై ఏళ్ల కిందట నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఇన్‌బిట్వీన్లు గీసేవాణ్ణి. సీనియర్ రెండు ముఖ్యమైన భంగిమలు గీసిస్తే, ఆ రెంటి మధ్య బొమ్మలు నింపడం మా పని. ఒకసారి నా అదృష్టం కొద్దీ తేలికైన షాట్ వచ్చింది. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తుంది. మూడు సెకన్లు. మాట లేదు, కదలిక లేదు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, లెక్కన ఒక్క బొమ్మ గీసి 72 ఫ్రేములకూ దాన్నే పెట్టేశాను. సాయంత్రం తెర మీద చూసి మా సూపర్‌వైజర్ అన్నాడు: "పిల్లని చంపేశావు కదయ్యా!"

నిజంగానే చచ్చిపోయింది. కెమెరా ముందు నటి ఊరికే నిలబడినా ఊపిరి తీస్తుంది, గుటక వేస్తుంది, రెప్ప కొడుతుంది. బొమ్మకి ఇవేవీ ఫ్రీగా రావు. ఆ రాత్రి కూర్చుని ఒక రెప్పపాటు, జడ చివర కాస్త గాలి, భుజం రవ్వంత కిందికి దిగడం గీశాను. అప్పటినుంచీ తెర మీద ఇద్దరు పిల్లలు మాట్లాడుకోకుండా నిలబడితే, ఈ మౌనాన్ని ఎవరు గీశారో, ఎన్ని రాత్రులు గీశారో అనిపిస్తుంది.

జపాన్ దర్శకుడు ఇసావో తకహాతా 1991లో తీసిన ‘ఓన్లీ యెస్టర్‌డే’ చూడండి. 27 ఏళ్ల తయెకో తన ఐదో తరగతి రోజుల్ని తలుచుకుంటూ ఉంటుంది. అది 1966. వేరే సెక్షన్‌లో హిరోతా అని బేస్‌బాల్ ఆడే కుర్రాడు. వాడికి తయెకో అంటే ఇష్టమట అని పిల్లలంతా గోల. ఒక సాయంత్రం ఇంటికెళ్లే దారిలో ఇద్దరూ ఎదురుపడతారు. మొహాలు కందిపోయి ఉంటాయి. చివరికి వాడి నోరు పెగులుతుంది. వానా, మబ్బా, ఎండా... నీకేది ఇష్టం అని అడుగుతాడు. మబ్బు అంటుంది. నాకూ అదే అనేసి, చేతిలో బంతి పైకెగరేసి పట్టుకుని, ఒకటే పరుగు!

అంతే సంభాషణ. ఆ పిల్ల మాత్రం గాల్లో మెట్లున్నట్టు ఆకాశంలోకి ఎక్కేసి, అక్కడ ఈత కొడుతుంది. వాడు "నువ్వంటే ఇష్టం" అని ఉంటే అంత ఎత్తు ఎగిరేది కాదని నా అనుమానం. సిగ్గుతో బిర్రబిగుసుకున్న ఆ నిలబడటం ముందుంది కాబట్టే తర్వాతి ఎగరడం మనకు నప్పింది.

మరో జపాన్ దర్శకుడు హయావో మియజాకీ సంగతి వేరు. 2001 నాటి ‘స్పిరిటెడ్ అవే’లో ఆత్మల లోకంలో చిక్కుకుపోయిన పదేళ్ల చిహిరోకి, అక్కడి హాకు అనే కుర్రాడు అన్నం ముద్దలు తెచ్చిస్తాడు. ఓపిక రావాలని మంత్రం వేసి చేశానంటాడు. ఆ పిల్ల ఒక ముద్ద కొరుకుతుంది, నములుతుంది, ఇంకోటి కొరుకుతుంది, అప్పుడు ఏడుపొస్తుంది. కన్నీటి బొట్లు ద్రాక్షపళ్లంత! ఇది ప్రేమా, స్నేహమా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పదేళ్ల పిల్లకే తెలియనిది నేనెలా చెప్పను? చివర్లో వెనక్కి తిరిగి చూడకు అని చెప్పి హాకు పంపేస్తాడు. చిహిరో వెళ్లిపోయాక ఖాళీ అయిన అతని చెయ్యి ఫ్రేములో ఇంకాసేపు అలాగే ఉంటుంది. ఆ ‘ఇంకాసేపు’ని కూడా ఎవరో గీశారు మరి.

నన్ను బాగా కష్టపెట్టింది 2016లో నావోకో యమదా తీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’. షోకోకి వినపడదు. చిన్నప్పుడు ఆమెను ఏడిపించిన షోయా, పెద్దయ్యాక ఆమె కోసమే సైగల భాష నేర్చుకుని వస్తాడు. షోకో ఒకరోజు సైగలు మానేసి, నోటితోనే చెప్పాలని తెగిస్తుంది. జపనీస్‌లో ‘సుకీ’ అంటే ఇష్టం, ‘త్సుకీ’ అంటే చంద్రుడు. ఆమె మొదటిది అంటుంది, అతనికి రెండోది వినిపిస్తుంది. పాపం, చంద్రుడి కోసం పైకి చూస్తాడు.

దీనికి సరదాగా తెలుగు సబ్‌టైటిల్స్ రాయబోయి ఇక్కడే ఆగిపోయాను. ‘ఇష్టం’కీ ‘చందమామ’కీ ఎక్కడ పొంతన? వారం రోజులు బుర్ర గోక్కున్నాక తట్టింది: ఆమె ‘ఇష్టం’ అంటే అతనికి ‘ఇస్తాం’ అని వినపడొచ్చు. అంతకుముందే ఆమె అతనికి ఒక కానుక ఇచ్చి ఉంటుంది, కాబట్టి "ఇంకా ఏమిస్తావ్?" అనొచ్చు. మాట కుదిరింది. తీరా చూస్తే బొమ్మలో వాడు ఆకాశంలోకి చూస్తున్నాడు! చూపుని నేను మార్చలేను కదా. చివరికి చందమామనే ఉంచి, పైన బ్రాకెట్లో ఒక వివరణ పెట్టాను. చదివేలోపు సీన్ అయిపోతుంది. మీలో ఎవరికైనా ఇంకో దారి తడితే చెప్పండి.

సరే, ప్రొజెక్టర్ బాబుని ఎక్కువసేపు నిలబెట్టకూడదు. తయెకో, హిరోతా ఎదురుపడే సీన్ వేయమన్నాను. వాడు అడగబోయే ముందు ఒక ఆగడం ఉంటుంది, అప్పుడు వాళ్ల కళ్లు చూడండి. బాబూ, ఆ వెనక లైటు కూడా తీసెయ్.