పేకముక్కలు కాదు నాన్నా, బేస్‌బాల్ కార్డులు | పిట్స్‌బర్గ్‌లో మా కార్తీక శనివారం, 2025 నవంబర్

హాయ్ అండి అందరికీ, ఎలా ఉన్నారు. ఇవాళ అసలు ప్లాన్ ఏంటంటే కార్తీకమాసం కదా, మా పెన్ హిల్స్ వెంకన్న గుడికెళ్ళి ఈ చలిలో దీపాలు ఎలా పెడతామో చూపిద్దామనుకున్నా. వత్తులు నిన్న రాత్రే నేతిలో నానబెట్టి డబ్బాలో పెట్టుకున్నా కూడా. ఈలోపు పొద్దున్నే తెనాలి నుంచి నాన్న ఫోన్. "ఏమ్మా, మనవడు డబ్బులు పెట్టి పేకముక్కలు కొంటున్నాడంట, నిజమేనా?" అన్నారు. పదకొండేళ్ళకే పేకేంటే అని వెనకాల నుంచి అమ్మ. నా స్టేటస్‌లో ఫోటో చూసి మా పెద్దమ్మ కోడలు మోసిన కబురు ఇది, ఎవరో నాకు తెలుసు, ఈ వీడియో చూస్తుందని కూడా తెలుసు.

అందుకని గుడి కన్నా ముందు ఆ కార్డుల షాపుకే వెళ్తున్నాం, మీరే చూడండి. మా చింటూ గాడు అయిదు నిమిషాలే అన్నాడు. వాడి అయిదు నిమిషాలంటే గంటన్నర.

ఇదిగో, ఇదే షాపు. ఈ పెట్టెల్లో ఉన్నవన్నీ బేస్‌బాల్ ఆటగాళ్ళ ఫోటో కార్డులు, పేకతో సంబంధం లేదు. మనకి చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి కదా, పరుగులు రాసి ఉండేవి, అచ్చం అదే. ఇక్కడ కూడా ఒకప్పుడు గమ్‌తోనే ఇచ్చేవాళ్ళట, ఇప్పుడు గమ్ పోయి కార్డు మాత్రం మిగిలింది. ఒక్క ప్యాకెట్ 15 డాలర్లు, డాలరు తొంభై లెక్కన 1,350 రూపాయలు. ఆ పెద్ద డబ్బా 280, అంటే పాతిక వేలు దాటింది, తెనాలిలో మా పైవాటా అద్దె మూడు నెలలది. అందులో సంతకం ఉన్న కార్డు ఒకటో రెండో వస్తాయట, ఎవరి సంతకం అన్నదే లాటరీ.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, రేటు ఎక్కువ పలికేది బాగా ఆడినవాళ్ళ కార్డులే అయితే సరే అనుకుందును. ఇంకా ఆడనివాళ్ళకి! ఈ షాపులో ఇవాళ అందరి నోటా ఒకటే పేరు, కానర్ గ్రిఫిన్. మిసిసిపీ కుర్రాడు, 2006లో పుట్టాడు, షార్ట్‌స్టాప్ అనే చోట ఫీల్డింగ్ చేస్తాడు. 2024 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, మా పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ టీమ్ పైరేట్స్ వాళ్ళు తొమ్మిదో నంబర్‌లో తీసుకున్నారు. 2025 ఒక్క సీజన్లోనే బ్రేడెంటన్, గ్రీన్స్‌బరో, అల్టూనా అని కింది టీముల్లో మూడు మెట్లు ఎక్కేశాడు, మైనర్ లీగుల్లో ఇతనే నంబర్ వన్ అని లిస్టులేసేవాళ్ళు అంటున్నారు, అంతా బానే ఉంది, కానీ ఈ వీడియో తీసిన 2025 నవంబర్ నాటికి పెద్ద టీమ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదండీ. రంజీ కూడా దాటని పిల్లాడి ఫోటోకి వేలం పెట్టినట్టు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ సోమలింగం బొమ్మ గీసి, దానికి ప్లాస్టిక్ కవరేసి అమ్ముతున్నారు. బౌమన్ అని ఒక బ్రాండ్ కార్డులుంటాయి, కుర్రాడు కింది స్థాయిలో ఉండగా వచ్చే మొదటి కార్డు మీద 'ఫస్ట్' అని చిన్న ముద్ర వేస్తారు, ఆ ముద్రకే అంత గిరాకీ.

షాపాయన మంచాయన, పెద్దాయన, అడిగితే విసుక్కోడు. ఇలా ఆశపెట్టి ముంచినవాళ్ళు లేరా అన్నా. నవ్వి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. బ్రయన్ టేలర్ అని 1991లో న్యూయార్క్ టీమ్ యాంకీస్ వాళ్ళు దేశం మొత్తం మీద మొదటివాడిగా ఎంచుకుని 15.5 లక్షల డాలర్లు ఇచ్చారట, 1993 డిసెంబర్లో తోడబుట్టినవాడి గొడవలో తలదూర్చి భుజం పాడుచేసుకున్నాడు, పెద్ద లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. ఆ కార్డులు ఇప్పుడు టీ డబ్బులకి దొరుకుతాయి. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అని ఇంకొకడు, 2010లో మొదటి మ్యాచ్ ఆడకముందే ఒక్క కార్డు 16,403 డాలర్లకి పోయింది, పద్నాలుగు లక్షల పైమాట. అతనూ బంతులేసేవాడే, మొదటి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే ఫీల్డర్ల సాయం లేకుండా తన బంతులతోనే అవుట్, మూడు నెలలు తిరక్కుండా మోచేతికి ఆపరేషన్. మళ్ళీ లేచి 2019లో వరల్డ్ సిరీస్, అంటే ఇక్కడి ఫైనల్, గెలిపించి 245 మిలియన్ల కాంట్రాక్టు సంతకం పెట్టాడు, 2,205 కోట్లండి, లెక్క రెండుసార్లు చూశా, ఆ తర్వాత ఎనిమిది మ్యాచ్‌లు వేశాడు, అంతే.

మరి లాభపడినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మైక్ ట్రౌట్ అనే ఆయన 2009 నాటి కార్డు, ప్రపంచంలో ఒక్కటే ఉన్నది, అలాంటి వాటి మీద 1/1 అని వేస్తారు, ఒకాయన 2018లో 4 లక్షల డాలర్లకి కొంటే అందరూ పిచ్చోడన్నారట, రెండేళ్ళకి 39 లక్షల 36 వేల డాలర్లు పలికింది. ముప్పై అయిదు కోట్లు. మా ఆయన పక్కనే నిలబడి ఇది విని, శంకరపల్లి ప్లాటు గుర్తొచ్చి మౌనంగా బయటికెళ్ళిపోయారు.

ఇంక మా ఊరి గొప్ప చెప్పకపోతే చింటూ ఊరుకోడు. పాల్ స్కీన్స్ మా టీమ్ బౌలర్, ఇక్కడ పిచర్ అంటారు. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్, 2025 నవంబర్లో సై యంగ్ అవార్డు, అంటే ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది, వచ్చింది, ముప్పై ఓట్లకి ముప్పై ఇతనికే. అంత ఆడినా 2025లో ఇతని పేరు మీద 10 గెలుపులు 10 ఓటములు, ఎందుకంటే మావాళ్ళు బ్యాట్ పట్టుకుని పరుగులు తీయరు, ఆ బాధ వేరే వీడియో. ఇక్కడ కొత్త ఆటగాడు మొదటి మ్యాచ్‌లో చొక్కా చేతికి ఒక బిళ్ళ కుట్టించుకుంటాడు, దాన్ని కత్తిరించి సంతకంతో కార్డులో పెడతారు, అది ప్రపంచంలో ఒక్కటే. స్కీన్స్‌ది 2024 క్రిస్మస్‌కి లాస్ ఏంజిలిస్ వైపు ఒక పదకొండేళ్ళ పిల్లాడికి ప్యాకెట్లో తగిలింది. మా పైరేట్స్ వాళ్ళు ఆ కార్డు ఇస్తే ముప్పై ఏళ్ళ పాటు రెండు సీజన్ టికెట్లు ఇస్తామన్నారు, వాళ్ళు వద్దని వేలం పెడితే 11 లక్షల 10 వేల డాలర్లు, దాదాపు పది కోట్లు. కొన్నది ఆటసామాన్ల కంపెనీ, దాని హెడ్డాఫీసు మా ఎయిర్‌పోర్ట్ దగ్గరే. అప్పట్నుంచి మా వాడు 'నాకూ పదకొండేళ్ళే' అని నన్ను అదో రకంగా చూస్తాడు.

ఇదిగో చూడండి, ప్యాకెట్ విప్పుతున్నాడు. ఇంట్లో అన్నం ముందు చేతులు కడుక్కోమంటే యుద్ధం, ఇక్కడ మాత్రం జీన్స్‌కి రెండుసార్లు తుడుచుకుని, రెండు వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకుని, ఊపిరి బిగబట్టి. నన్ను ముట్టుకోనివ్వడు. మూల సూది మొనలా ఉండాలట, అప్పుడే పరీక్షకి పంపితే పదికి పది మార్కులు, తొమ్మిదొస్తే రేటు సగానికి సగం పడిపోతుంది. ఎంసెట్ కన్నా ఘోరం. వాడు, వాడు, ఎవడో, ఎవడో... ఆ, వచ్చాడు! గ్రిఫిన్! సంతకం లేదు, మామూలు మెరుపు కార్డే, షాపాయన ఫోన్లో చూసి ఇరవై డాలర్లు చేస్తుందన్నాడు, అయినా వాడి భుజం తట్టి పేరు పెట్టి పిలిచి సంబరపడ్డాడు. వీడికి ఇక్కడ బాబాయిలూ మేనమామలూ ఎవరున్నారు చెప్పండి, శనివారం వస్తే వీడి కోసం ఎదురుచూసేది ఆయనొక్కడే. సరే, వీడియో ఆపి కాసేపు కారులో కూర్చున్నా.

మళ్ళీ ఆన్ చేశా. దారిలో పీఎన్‌సీ పార్క్ స్టేడియం ముందు ఆగాం, ఈ విగ్రహం హోనస్ వాగ్నర్‌ది, ఇక్కడివాడే. వందేళ్ళ కిందట సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఈయన కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకి పోయింది, అదే తొంభై లెక్కన అరవై అయిదు కోట్లు. అమ్మకి ఫోన్ చేసి, నా బిగ్ ఫన్ కార్డులు రేకుపెట్టెలో ఉండాలి చూడవే అన్నా. "ఏ కార్డులు? నీ పెళ్ళికి ఇల్లు సర్దినప్పుడు పాత పేపర్లవాడికి తూకానికి వేశా" అంది. ఎంతిచ్చాడే అంటే గుర్తులేదంది. ఇక్కడ పాత కార్డులకి అంత ధర ఎందుకంటే వాళ్ళ అమ్మలు కూడా ఇలాగే పారేశారు కాబట్టేనట, షాపాయనే చెప్పాడు.

గుడికి చేరేసరికి చీకటి పడింది, గాలికి దీపం మూడుసార్లు ఆరిపోయింది, మా ఆయన జాకెట్ అడ్డం పెట్టారు. అర్చన దగ్గర పూజారిగారు గోత్రనామాలు అడుగుతున్నారు. నాది, ఆయనది, అమ్మానాన్నలది అయ్యాయి. చింటూ ముందుకి జరిగి "కానర్ గ్రిఫిన్" అన్నాడు. పూజారిగారు తల ఎత్తకుండా "గోత్రం?" అన్నారు. నాకు నవ్వాగలేదు. గోత్రం తెలీదండీ, షార్ట్‌స్టాప్ అన్నాడు వీడు. కాశ్యపస గోత్రం అని చదివేశారు ఆయన.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ. ప్రసాదంతో ఇచ్చిన కుంకుమ పొట్లం వాడు కార్డున్న జేబులోనే పెట్టుకున్నాడు, పొట్లం విడిపోయింది, కవరు పైమూత లోంచి లోపలికి దిగింది. పై అంచున ఎర్రటి మరక. టిష్యూతో అద్దా, ఇంకా పాకింది. షాపాయనకి ఫోటో పెడితే ఎనిమిది డాలర్లు అని రిప్లై. ఏడుస్తాడేమోనని పక్కన కూర్చున్నా. చాలాసేపు లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, కుంకుమ బొట్టున్న గ్రిఫిన్ ప్రపంచంలో ఇదొక్కటే కదా" అని, పెన్ను తీసుకుని కవరు మీద 1/1 అని రాశాడు.

నాన్నా, చూశారుగా, పేక కాదు.