దోమ కణాల్లో రొయ్య వైరస్: పెరిగిందా, ఊరికే మిగిలిందా?

[తెర మీద: గాజు పళ్లెంలో రొయ్య పిల్లలు. తోక కండ పాలలా తెల్లబడింది.]

మానేరు నుంచి పాకాల దాకా మన నీళ్లలో వదిలే నీలకంఠ రొయ్య పిల్లలు కోస్తా హేచరీల నుంచే రావాలి. లార్వా దశలో వాటికి దాదాపు 12 పీపీటీ (లీటరు నీటికి 12 గ్రాముల ఉప్పు) ఉప్పదనం కావాలి మరి. సీడుతో పాటు తెల్లతోక జబ్బూ వచ్చే ప్రమాదం ఉంది. కారణం ఎంఆర్‌ఎన్‌వీ అనే నోడావైరస్, దాని వెంట ఎక్స్‌ఎస్‌వీ అనే ఇంకా చిన్న వైరస్. పిల్లలు గుంపులుగా చస్తాయి. పెద్ద రొయ్యలు పైకి బాగానే ఉండి వైరస్‌ను మోస్తాయి.

వైరస్‌ను ల్యాబులో పెంచడానికి బతికున్న కణాలు కావాలి. రొయ్య కణాలు ఫ్లాస్కులో కొన్ని వారాలకే విభజన ఆపేస్తాయి. అందుకే దోమ కణాలైన సీ6/36. 1967లో పుణెలో సింగ్ ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే దోమ లార్వాల నుంచి తీసిన సెల్ లైన్‌కు (ల్యాబులో ఆగకుండా విభజన చెందే కణాల వంశం) ఇది క్లోన్, అంటే ఒకే కణం నుంచి పెరిగిన శాఖ. 1978లో ఇగరాషి వేరుచేశారు.

[దగ్గరి షాట్: 25 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కు, బిగించిన మూత]

మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) 100 మి.లీ.కి: ఎల్-15 అనే పోషక ద్రావణం 80 మి.లీ., ట్రిప్టోస్ ఫాస్ఫేట్ బ్రాత్ 10, సీరం 10. సీరాన్ని ముందే 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. ఎల్-15కి కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. అలవాటు కొద్దీ ఆ ఇంక్యుబేటర్‌లో పెడితే మీడియం ఆమ్లమై పసుపు తిరుగుతుంది. కణాలకు 28 డిగ్రీలు చాలు. వరంగల్ మే నెలలో చిక్కంతా ఇక్కడే: మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు. గది 38కి పోతే లోపలా అంతే. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్, కరెంటు పోతే ఆదుకునే బ్యాకప్ ముందు చూసుకోండి. కణాలు ఎలాగూ తర్వాతి సంగతే.

జబ్బు పిల్లలు ఒక గ్రాముకు 10 మి.లీ. చల్లని బఫర్ పోసి మంచు మీదే నూరాలి. 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేటను 0.45, తర్వాత 0.22 మైక్రాన్ ఫిల్టర్లలో వడకట్టాలి. నేరుగా 0.22లో పోస్తే అది మూసుకుపోతుంది. వైరస్ 27 నానోమీటర్లే కాబట్టి ఫిల్టర్ దానికి అడ్డురాదు. రసం నల్లబడితే రొయ్యలోని ఎంజైములు పని మొదలెట్టినట్టే. అది పారేసి మళ్లీ నూరండి.

అడుగున 80 శాతం మేర కణాలు పరుచుకున్న ఫ్లాస్కులో మీడియం తీసేసి, పదింతలు పలుచన చేసిన రసం ఒక మి.లీ. పోసి గంట ఉంచాలి. తర్వాత తీసేసి 2 శాతం సీరం మీడియం 5 మి.లీ. పోయాలి. పక్కనే ఆరోగ్యమైన రొయ్య రసం పోసిన ఫ్లాస్కు తప్పనిసరి. కణాల్లో బుడగలు లేచి, ముడుచుకుని ఊడితే చాలామంది ‘వైరస్ పెరిగింది’ అనేస్తారు. రొయ్య రసం విషానికీ అచ్చం అలాగే ఊడతాయి. రెండు ఫ్లాస్కులూ ఒకేలా పాడైతే ఆ ప్రయోగం చెల్లదు.

[తెర మీద: ఆర్‌టీ-పీసీఆర్ గ్రాఫ్]

తేల్చేది లెక్కే. ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ జన్యు పదార్థాన్ని రెట్టింపు చేస్తూ పోయి పట్టుకునే పరీక్ష. ఎన్నో రెట్టింపుకు అది కనిపించిందో చెప్పేదే సీటీ విలువ; వైరస్ తక్కువైతే సీటీ ఎక్కువ. ప్రతిసారి 0.5 మి.లీ. తీసి కొత్త ఫ్లాస్కులో మొత్తం 5 మి.లీ. అయ్యేలా కలిపితే పదింతల పలుచన. ఇలా ఒక్కో మార్పిడి ఒక పాసేజీ. అయిదు పాసేజీలకు లక్ష రెట్లు. వైరస్ పెరగకపోతే సీటీ విలువ మొదటిదానికన్నా 16, 17 పెరగాలి. 18తో మొదలైతే 35కు చేరాలి. అది 20 చుట్టే తిరుగుతుంటే లోపల పెరుగుతున్నట్టే. ఒక్క పాసేజీలో పాజిటివ్ వచ్చిందంటే మీరు పోసిందే మిగిలి ఉండొచ్చు.

ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. తమిళనాడు పరిశోధకులు 2007లో ఈ వైరస్ సీ6/36లో పెరిగిందని ప్రచురించారు. ఆస్ట్రేలియా రకం మాత్రం అదే సెల్ లైన్‌లో పెరగలేదు. అందుకే ఎక్కడి వైరస్, ఎన్నో పాసేజీ కణాలు అనేవి ఫ్లాస్కు మీదే రాయాలి. మీడియం ఒక్కటే కాకుండా, కణాలనూ గీరి కొత్త ఫ్లాస్కులోకి మార్చి చూడండి. వైరస్ కణాలను అంటిపెట్టుకుని ఉండొచ్చు.

ఇంకో మెలిక ఉంది. సీ6/36లో చాలాసార్లు దోమ డెన్సోవైరస్ ముందే కాపురముంటుంది. అదీ గుండ్రని చిన్న కణమే, 20 నానోమీటర్ల పైచిలుకు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అది కనిపిస్తే రొయ్య వైరస్ అని పొరబడటం చాలా తేలిక. కొత్త కణాలు రాగానే డెన్సోవైరస్‌కు, మైకోప్లాస్మాకు (కణాల్లో దాగే చిన్న బ్యాక్టీరియా) పీసీఆర్ చేయించండి.

చివరి పరీక్ష: అయిదో పాసేజీ ద్రవాన్ని ఆరోగ్యమైన పిల్లలున్న నీళ్లలో కలిపి, వైరస్ ఎక్కించని ఫ్లాస్కు ద్రవం కలిపిన మరో తొట్టిని పక్కన పెట్టండి. మొదటి తొట్టిలోనే తోకలు తెల్లబడి పీసీఆర్ పాజిటివ్ వస్తే ఆ వైరస్‌కు జబ్బు చేసే శక్తి ఇంకా ఉందన్నమాట. తొట్టి నీళ్లను క్లోరిన్‌తో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలొద్దు.